ఏరు దాటినా ఆగకూడని గర్భిణి భోజనం

(స్త్రీల సమాజములు, యౌవనస్థులు, సంఘ పెద్దలు కలిసి చదువుకొనుటకు)

పాఠ్యాంశము: ప్రభుత్వ ఆరోగ్య సేవల ద్వారా గర్భిణీ స్త్రీలకు అందే పోషకాహారము, మాత్రలు.

ఉద్దేశము: ఈ పాఠము ముగిసేసరికి మన కుటుంబములలో ప్రతి ఒక్కరూ మూడు సంగతులు చెప్పగలగాలి. గర్భిణికి ఏమి రావాలి? వచ్చినది ఎక్కడ దారి తప్పుతున్నది? ఊరు మారినప్పుడు దానిని వెంట ఎలా తీసుకొని వెళ్ళాలి?



ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదటి రోజుల్లోనే నేర్పిన మాట ఒకటున్నది. పంతులు పాఠం చెప్పడం వేరు, పిల్లవాడు నేర్చుకోవడం వేరు. హాజరు పట్టీ నిండినంత మాత్రాన పలక నిండదు. గర్భిణుల పోషకాహారం సంగతి కూడా అంతే. బియ్యం, పప్పు, గుడ్లు, మాత్రలు ఊరికి రావడం వేరు, అవి గర్భిణి కడుపులోకి వెళ్ళడం వేరు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉన్నదో, ఆ దూరాన్ని మనం ఎలా తగ్గించగలమో తెలుసుకోవడమే ఈ పాఠం.

సిరోంచ తాలూకా సంగతి మీలో చాలామందికి తెలిసినదే. ఒక ప్రక్క ప్రాణహిత, ఒక ప్రక్క గోదావరి, తూర్పున ఇంద్రావతి. పరిపాలన మహారాష్ట్రది, ఇంటి మాట తెలుగు. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లా నుండి విడిపోయి గడ్చిరోలి జిల్లా ఏర్పడినప్పుడు సిరోంచ దాని దక్షిణపు కొనలో నిలిచింది. ఏరు దాటితే చెన్నూరు సీమ, కాళేశ్వరం. ఇరు ఒడ్ల వారికీ కంచం పొత్తు, మంచం పొత్తు ఉన్నది. పిల్లనిచ్చేది అవతలికి, తెచ్చుకునేది అవతలి నుండి. అందువల్లనే ఒక ఒడ్డున గర్భవతి అయిన ఆడపిల్ల మరో ఒడ్డున కాన్పు కావడం ఇక్కడ మామూలు. ఆమె దాటుతుంది గాని, ఆమెకు రావలసిన భోజనం చాలాసార్లు ఇవతలనే ఆగిపోతుంది. బల్లార్షా, చంద్రపూర్, నాగపూర్, ముంబయి వంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబాలలోనూ ఇదే జరుగుతున్నది.

1. గర్భిణికి ఏమి కావాలి?

తెలిసిన దాని నుండి తెలియని దానికి వెళ్దాం. ఇంట్లో అందరూ తినే అన్నం, పప్పు గర్భిణి కూడా తింటుంది. ఆమెకు అదనంగా ఎంత కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు 350 కేలరీల శక్తి అదనంగా కావాలి. మాంసకృత్తులు నాలుగవ నెల నుండి ఆరవ నెల వరకు రోజుకు సుమారు 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనంగా కావాలి. ఇనుము రోజుకు 27 మిల్లీగ్రాములు కావాలి.

మొదటి రెండూ మంచి భోజనంతో తీరుతాయి. ఇనుము అంత సులభంగా తీరదు. అన్నం, గోధుమ, పప్పు, ఆకుకూరలలో ఉన్న ఇనుములో నూటికి పది పాళ్ళ లోపే మన శరీరం గ్రహిస్తుంది. భోజనం వెంటనే టీ త్రాగితే అదీ తగ్గుతుంది. నిమ్మకాయ, ఉసిరికాయ, జామపండు తోడైతే పెరుగుతుంది. ఇలా భోజనం ఒక్కటే చాలదు గనుక దేశమంతటా గర్భిణులకు మాత్రలు కూడా ఇవ్వాలని 1970లో ప్రభుత్వం నిర్ణయించింది.

రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్లు. 7కు తగ్గితే అది ప్రమాదం, ఆసుపత్రిలోనే చూపించాలి. రక్తం తక్కువైన తల్లికి కాన్పులో పోయే కొద్ది రక్తమే ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ నెలలు నిండకుండానో, బరువు తక్కువగానో పుట్టే భయం కూడా ఉన్నది. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డకు చలి, జబ్బు త్వరగా తగులుతాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణులలో రక్తహీనత మన దేశంలో నూటికి 52.2గా, మహారాష్ట్రలో 45.7గా, తెలంగాణలో 53.2గా, ఆంధ్రప్రదేశ్‌లో 53.7గా తేలింది. అంటే మన సంఘంలో ఇద్దరు గర్భిణులుంటే ఒకరికి రక్తం తక్కువ అనుకొని చూడడమే మంచిది.

2. ఎర్ర మాత్ర వెనుక చరిత్ర

గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో రెండు మందులున్నవి: ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. ఈ రెండవ మందు కథ బొంబాయిలో మొదలై ఒక తెలుగువాని చేతిలో కొలిక్కి వచ్చింది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లులలో పనిచేసే పేద స్త్రీలకు గర్భకాలంలో ఒక రకమైన తీవ్ర రక్తహీనత వచ్చి ప్రాణాలు తీస్తున్నది. ఆ రోజుల్లో ఆ మిల్లులలో తెలంగాణ నుండి వలస వెళ్ళిన మన వారు కూడా ఎందరో పనిచేసేవారు. ఇది అంటువ్యాధి కాదు, తిండిలో ఏదో లోపించడం వల్ల వస్తున్నదని ఆమె గ్రహించింది. ఈస్టు నుండి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం ఇస్తే ఆ స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించింది. పదేళ్ళ తరువాత, 1941లో, అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుండి ఆ పదార్థాన్ని వేరు చేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

పాలకూర నుండి తీస్తే అది లోకానికంతటికీ చాలదు. దానిని ప్రయోగశాలలో తయారు చేయగలగాలి. 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆ పని సాధించిన బృందానికి నాయకుడు మన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికాకు వెళ్ళిన మనిషి. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టన పెట్టుకుంది. ఆ వ్యాధికి తరువాత మందైనది ఈ ఫోలిక్ ఆమ్లమే.

ఈ చరిత్ర ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, సర్కారు మాత్ర ఉచితంగా వస్తుంది గనుక దానికి విలువ లేదనుకునేవారు మనలో ఉన్నారు. మిల్లు కూలి స్త్రీల ప్రాణాలు, ఒక వలస మనిషి జీవితకాలపు శ్రమ దాని వెనుక ఉన్నవి. దానిని అటక మీద పడవేయకూడదు.

3. చట్టం ఏమి ఇస్తున్నది?

అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో మొదలయింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రతి గర్భిణికీ, పాలిచ్చే ప్రతి తల్లికీ అంగన్‌వాడీ ద్వారా ఆహారం అందాలని ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం దానిని హక్కుగా మార్చింది. ఆ చట్టం నాలుగవ విభాగం ప్రకారం గర్భకాలమంతా, కాన్పు తరువాత ఆరు నెలలు, స్థానిక అంగన్‌వాడీ నుండి ఉచితంగా ఆహారం రావాలి. రోజుకు 600 కేలరీల శక్తి, 18 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు అందులో ఉండాలి.

ఈ చట్టంలో రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, ఇది బీదవారికి మాత్రమే అని లేదు. ప్రతి గర్భిణికీ అని ఉన్నది. రెండవది, "పుట్టిన ఊళ్ళోనే" అని లేదు. ఆమె ఎక్కడ నివసిస్తున్నదో అక్కడి అంగన్‌వాడీయే ఆమెకు స్థానిక అంగన్‌వాడీ.

చట్టం ఒకటే అయినా ఏటికి ఇరువైపులా పద్ధతులు వేరు. రెండు పద్ధతులూ 2015లోనే వచ్చినవి.

అవతలి ఒడ్డున: 2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి మొదలయింది. గర్భిణి అంగన్‌వాడీకి వచ్చి అక్కడే భోజనం చేయాలి. అన్నం, పప్పు, కూర, ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు, భోజనం వేళకు ఇనుము మాత్ర అని ఏర్పాటు చేశారు. 2022 డిసెంబరులో రక్తహీనత ఎక్కువగా ఉన్న 9 జిల్లాలలో గర్భిణులకు పోషకాహార కిట్లు ఇవ్వడం ప్రారంభించారు. మనకు ఎదురుగా ఉన్న జయశంకర్ భూపాలపల్లి జిల్లా వాటిలో ఒకటి.

ఇవతలి ఒడ్డున: మహారాష్ట్ర ప్రభుత్వం 2015 నవంబరులో గిరిజన ప్రాంతాల కోసం డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలాం అమృత్ ఆహార్ యోజన ప్రకటించింది. సిరోంచ, అహేరి, ఏటపల్లి తాలూకాలు షెడ్యూల్డు ప్రాంతం గనుక ఇది ఇక్కడ వర్తిస్తుంది. కాన్పుకు ముందు చివరి నెలల్లోను, కాన్పు తరువాత తొలి నెలల్లోను అంగన్‌వాడీలో ఒక పూట వేడి భోజనం పెడతారు. రొట్టె లేక భాకరి, అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు లేక అరటిపండు, వేరుశనగ లడ్డు వంటివి అందులో ఉంటాయి. అంతకుముందు నెలల్లో ఇంటికి తీసుకొని వెళ్ళే ఆహారం ఇస్తారు.

ఆహారంతో పాటు మాత్రలు. 2018 నుండి అనీమియా ముక్త్ భారత్ పద్ధతిలో నాలుగవ నెల నుండి రోజుకు ఒక ఎర్ర మాత్ర, తక్కువలో తక్కువ 180 రోజులు వేసుకోవాలి. కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. క్యాల్షియం మాత్రలు రోజుకు రెండు. మూడవ నెల దాటిన తరువాత నులిపురుగుల మాత్ర ఒక్కసారి. ఇవన్నీ ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త ద్వారా ఉచితం. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది. ఇది 2016లో మొదలయింది.

4. ఎక్కడ దారి తప్పుతున్నది?

పైన చెప్పినవన్నీ ఉన్నప్పుడు సగం మంది గర్భిణులకు రక్తం ఎందుకు తక్కువ? అదే సర్వేలో దీనికి జవాబు ఉన్నది. దేశంలో 100 రోజులు లేక అంతకంటె ఎక్కువ మాత్రలు వేసుకున్న తల్లులు నూటికి 44 మంది. పూర్తిగా 180 రోజులు వేసుకున్నవారు నూటికి 26 మందే. అంటే నలుగురిలో ఒక్కరే పాఠం చివరి దాకా చదివారు.

మొదటి చోటు: ఇంటి వంటగది. ఇంటికి తెచ్చిన పొట్లం ఇంట్లో అందరిదీ అవుతుంది. గర్భిణి కోసం తెచ్చిన 600 కేలరీలు నలుగురు పంచుకుంటే ఆమెకు దక్కేది 150. ఇంట్లో పిల్లలు చూస్తుండగా తాను ఒక్కతే తినడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? దీనికి ఆమెను తప్పుపట్టకూడదు. అందుకే రెండు రాష్ట్రాలూ అంగన్‌వాడీలో కూర్చొని తినే పద్ధతికి వచ్చినవి. దాని నుండి నేర్చుకోవలసినది: గర్భిణి నడవగలిగినన్ని రోజులు ఆమెను అంగన్‌వాడీకి పంపండి. పని ఉన్నదని ఆపకండి, "ఇంటికి తెచ్చుకో" అని చెప్పకండి. ఆమె అక్కడ తిన్నది గాక ఇంట్లోనూ కడుపునిండా తినాలి. అక్కడ తిన్నదని ఇక్కడ తగ్గిస్తే లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది.

రెండవ చోటు: మాత్రల భయం. మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం అవుతాయి. నలుపు రంగు ఇనుము వల్లనే, ప్రమాదం లేదు. రాత్రి భోజనమైన రెండు గంటలకు వేసుకొని పడుకుంటే వికారం చాలామందికి తగ్గుతుంది. ఇనుము మాత్రను క్యాల్షియం మాత్రను కలిపి వేసుకోరాదు, ఒకటి రెండవదాని పని చెడగొడుతుంది. క్యాల్షియం భోజనంతో వేసుకోవాలి. అంగన్‌వాడీలో మధ్యాహ్నం ఇనుము మాత్ర ఇచ్చిన రోజున క్యాల్షియం ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవచ్చు.

మూడవ చోటు: పెద్దల మాటలు. "ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుంది", "మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది" అనే మాటలు మన ఇండ్లలో ఇంకా వినపడుతున్నవి. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుండి వస్తుంది, మాత్ర నుండి రాదు. కాన్పు కష్టాన్ని తగ్గించేది రక్తం, బలం. తిండి తగ్గించడం కాదు. అత్తగార్లు ఈ మాట చెప్పితే కోడలు వింటుంది, డాక్టరు చెప్పితే తల ఊపుతుంది. కనుక ఈ పాఠం ముందుగా అత్తగార్లకు చెప్పండి.

నాలుగవ చోటు: భాష. సిరోంచలో ఇచ్చే కార్డు, పొట్లం, మాత్రల మీద చీటీ మరాఠీలో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాత్రమే చదివినవారు, లేక ఏమీ చదవనివారు ఉంటారు. రోజుకు ఎన్ని, ఎప్పుడు అన్నది తెలియక మాత్రలు మానేసిన ఇండ్లు ఉన్నవి. మహారాష్ట్రలోని ఇతర చోట్ల స్థిరపడిన మన కుటుంబాలకు తెలుగు ప్రాంతం నుండి కొత్తగా వచ్చిన కోడళ్ళకు కూడా ఇదే ఇబ్బంది.

అయిదవ చోటు: ప్రయాణం. ఇది అన్నిటికంటె పెద్దది గనుక విడిగా చూద్దాం.

5. ఊరు మారినప్పుడు

సరిహద్దు గర్భిణి రెండు కారణాల వల్ల ఊరు మారుతుంది. ఒకటి పుట్టింటి ప్రయాణం. రెండు కూలి పని. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల నుండి వేలాది కుటుంబాలు ఏటేటా మిరపకాయలు ఏరడానికి తెలంగాణ జిల్లాలకు వెళ్తాయి. సంక్రాంతి తరువాత వెళ్ళి ఎండలు ముదిరే దాకా చేల గట్ల మీద గుడిసెలు వేసుకొని ఉంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకీస ప్రక్క ఊరి నుండి ఒక సహోదరి అయిదవ నెలలో భర్తతో మిరప చేలకు వెళ్ళింది. 60 రోజులు అక్కడ ఉన్నది. ఏడవ నెలలో తిరిగి వచ్చి, ఎనిమిదవ నెలలో ఏరు దాటి పుట్టింటికి వెళ్ళింది. ఇప్పుడు లెక్క వేయండి. 180 మాత్రలలో చేల దగ్గర 60 పోయినవి. పుట్టింట్లో పేరు వ్రాయించుకోకపోతే మరో 60 పోతాయి. మిగిలినవి 60. అంగన్‌వాడీ భోజనం మొదటి ఊళ్ళో "లేదు, వెళ్ళిపోయింది" అని ఆగుతుంది, రెండవ ఊళ్ళో "మా ఊరి మనిషి కాదు" అని ఆగుతుంది. రెండు రాష్ట్రాల పుస్తకాలలోనూ ఆమె కనపడదు. పథకం ఉన్నది, బియ్యం ఉన్నవి, గుడ్డు ఉన్నది. ఆమె కంచం మాత్రం ఖాళీ.

దీనికి ఉపాయం ఉన్నది. ఇదిగో ఆరు మెట్లు.

మొదటిది: గర్భం తెలిసిన వెంటనే, మూడవ నెల లోపే, ఆశా కార్యకర్త దగ్గర పేరు వ్రాయించాలి. మాతా శిశు సంరక్షణ కార్డు తీసుకోవాలి. ఈ కార్డు దేశమంతటా ఒకే తీరుగా ఉంటుంది. బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్ ఏ భాషలో వ్రాసినా ఏ రాష్ట్రపు నర్సుకైనా అర్థమవుతాయి.

రెండవది: ప్రయాణానికి వారం ముందు అంగన్‌వాడీ కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం.కు చెప్పాలి. ఉండబోయే రోజులకు సరిపడా ఎర్ర మాత్రలు, క్యాల్షియం మాత్రలు అడిగి తీసుకోవాలి.

మూడవది: పేరు మార్పించమని అడగాలి. 2021 నుండి అంగన్‌వాడీల నమోదు పోషణ్ ట్రాకర్ అనే ఫోను పద్ధతిలో సాగుతున్నది. ఒక కేంద్రంలో ఉన్న పేరును మరో కేంద్రానికి, మరో రాష్ట్రానికి కూడా మార్చే వీలు అందులో ఉన్నది. అడగనిదే ఎవరూ మార్చరు.

నాలుగవది: క్రొత్త ఊరు చేరిన మొదటి వారంలోనే కార్డు, ఆధార్ తీసుకొని అక్కడి అంగన్‌వాడీకి వెళ్ళాలి. "మా ఊరి మనిషి కాదు" అంటే, చట్టం ప్రతి గర్భిణికీ అని చెప్పుతున్నదని మర్యాదగా చెప్పాలి. అయినా ఒప్పుకోకపోతే సూపర్‌వైజరుకు కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. జగడం వద్దు, కాగితం చాలు.

అయిదవది: చేల దగ్గర ఉన్నప్పుడు అంగన్‌వాడీ దూరమైతే, మాత్రలైనా మానకూడదు. దోమతెర వెంట ఉండాలి. గడ్చిరోలి అడవి ప్రాంతంలో మలేరియా ఎక్కువ. గర్భిణికి మలేరియా వస్తే రక్తం త్వరగా పడిపోతుంది. జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

ఆరవది: వానకాలంలో నెలలు నిండేవారు వాగులు పొంగక ముందే ఆసుపత్రి దగ్గరకు చేరాలి. మహారాష్ట్రలో గిరిజన ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల వద్ద మాహేర్ ఘర్ అనే వసతి ఏర్పాటు చేశారు. మాహేర్ అంటే పుట్టిల్లు. కాన్పుకు కొన్ని రోజుల ముందే గర్భిణి అక్కడ ఉండవచ్చు, భోజనం పెడతారు. సిరోంచ గ్రామీణ ఆసుపత్రికి గాని, మీ ఆరోగ్య కేంద్రానికి గాని ముందుగా వెళ్ళి వసతి సంగతి అడిగి తెలుసుకోండి.

మరొక హెచ్చరిక. ఈ జిల్లాలో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న కుటుంబాలున్నవి. అటువంటివారి రక్తహీనత ఇనుము లోపం ఒక్కటే కాదు. మాత్రలు వేసుకున్నా రక్తం పెరగకపోతే ఆ పరీక్ష చేయించమని డాక్టరును అడగాలి.

6. కార్డు చదువుటకు కొన్ని మరాఠీ మాటలు

వీటిని ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో వ్రాసి స్త్రీల సమాజపు గదిలో పెట్టండి.

గరోదర్ మాతా – గర్భిణి
స్తనదా మాతా – పాలిచ్చే తల్లి
రక్తక్షయ్ – రక్తహీనత
లోహ్ – ఇనుము
గోళీ – మాత్ర
వజన్ – బరువు
దివసాతూన్ ఏకదా – రోజుకు ఒకసారి
జేవణానంతర్ – భోజనం తరువాత
రికామ్యా పోటీ – పరగడుపున
ఘర్‌పోచ్ ఆహార్ – ఇంటికి ఇచ్చే ఆహారం
బాళంత్‌పణ్ – కాన్పు
రుగ్ణాలయ్ – ఆసుపత్రి

7. సంఘము చేయగల పని

ఇది డాక్టర్ల పని, మనకెందుకు అనవచ్చు. గడ్చిరోలి జిల్లాయే దీనికి జవాబు చెప్పింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు స్థాపించిన సెర్చ్ సంస్థ 1990లలో ఈ జిల్లాలోని 39 గ్రామాలలో ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, అప్పుడే పుట్టిన బిడ్డలను ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి నేర్పింది. ఆ ఊళ్ళలో పసికందుల మరణాలు నూటికి 62 పాళ్ళు తగ్గినవి. 1999లో ఈ ఫలితం లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ పని చేసినవారు పెద్ద చదువుల వారు కాదు. మన స్త్రీల సమాజంలో కూర్చొనే సహోదరీల వంటివారే.

మనం చేయవలసినది అంత కష్టమైనది కూడా కాదు. నాలుగు పనులు చాలు.

ఒకటి, సంఘంలో ఎవరు గర్భవతులో, ఏ నెలో, స్త్రీల సమాజపు కార్యదర్శి వ్రాసి ఉంచాలి. ఇది గోప్యంగా ఉండాలి. సభలో చదవకూడదు. పెండ్లి కాని ఆడబిడ్డ అయినా, భర్త విడిచిన ఆమె అయినా ఆకలి ఒకటే. చట్టం ప్రతి గర్భిణికీ అని చెప్పినప్పుడు మనం అంతకంటె ఇరుకుగా ఉండకూడదు.

రెండు, ప్రతి గర్భిణికి తోడుగా ఒక పెద్ద సహోదరిని ఏర్పాటు చేయాలి. వారానికి ఒకసారి వెళ్ళి రెండే ప్రశ్నలు అడగాలి: "ఈ వారం అంగన్‌వాడీలో ఎన్ని రోజులు తిన్నావమ్మా? మాత్రల అట్టలో ఎన్ని మిగిలినవి?" అట్ట చూపించమనాలి. ఖాళీ గుంటలు అబద్ధం చెప్పవు.

మూడు, ఊరు మారే కుటుంబం గురించి అవతలి ఊరి సంఘానికి ముందుగా ఫోను చేయాలి. సభ్యత్వపు ఉత్తరం పంపడం మనకు అలవాటే. ఆ ఉత్తరంతో పాటు "ఈ సహోదరికి ఆరవ నెల, మీ అంగన్‌వాడీలో పేరు వ్రాయించండి" అనే మాట కూడా పంపుదాం. సరిహద్దుకు ఇరువైపులా సంఘాలున్న మనకు ఇది సాధ్యం.

నాలుగు, ఇంటి తిండిని మరువకూడదు. రాగి జావ, మునగాకు, వేరుశనగ బెల్లం ఉండ, ఎండుచేప, గుడ్డు మన దగ్గర దొరికేవే. ఆదిలాబాదు అడవుల్లో ఇప్పపువ్వు ఎప్పటి నుండో ఆహారం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు దానితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మన పెద్దలు తిన్న తిండిని తక్కువ చేయవద్దు. అయితే ఇవి మాత్రలకు తోడు మాత్రమే, వాటికి బదులు కావు.

డబ్బు సంగతి కూడా ఒక మాట. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన క్రింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, 2022 నుండి రెండవ బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 రూపాయలు తల్లి ఖాతాకు వస్తాయి. దీనికి షరతులు, కాగితాలు ఉన్నవి గనుక ఆశా కార్యకర్తను ముందుగానే అడగాలి. ఆ డబ్బు ఆమె విశ్రాంతికి, తిండికి. ఇంటి అప్పుకు కాదు.

8. చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘ కుటుంబాలలో ఇప్పుడు గర్భిణులెందరు? వారిలో అంగన్‌వాడీలో పేరు ఉన్నవారెందరు?
2. ఇంట్లో గర్భిణి చివరగా తింటున్నదా? అందరితో కలిసి తినాలంటే ఇంట్లో ఏది మారాలి?
3. 600 కేలరీలు అయిదుగురు పంచుకుంటే ఆమెకు ఎంత? పిల్లల చేత లెక్క చేయించండి.
4. గత సంవత్సరం కాన్పుకు గాని, కూలికి గాని ఊరు మారిన గర్భిణికి మాత్రలు, భోజనం ఎన్ని రోజులు ఆగినవి? ఎక్కడ ఆగినవి?
5. అవతలి ఊరి సంఘానికి ఫోను చేయవలసిన బాధ్యత ఎవరిది? ఈ కూడికలోనే ఒక పేరు నిర్ణయించండి.

ఇంటి పని: వచ్చే కూడికకు ఒక్కొక్కరు ఒక్క కార్డు చదివి రండి. మీ ఇంట్లో గర్భిణి లేకపోతే పొరుగింటిది అడిగి చదవండి. హిమోగ్లోబిన్ ఎదురుగా ఏ అంకె ఉన్నదో చూడండి. అది 11 కంటె తక్కువైతే, ఆ రాత్రి ఆమె మాత్ర వేసుకున్నదో లేదో అడిగిన తరువాతనే మీరు భోజనానికి కూర్చోండి.